కార్బొరేటర్ బండికి మైలేజీ ట్యూనింగ్ ఎలా చేసుకోవాలి: స్క్రూ చివర్లో తిప్పండి

మన కోనసీమలో గానీ అటు భీమవరం, పాలకొల్లు వైపు గానీ చూడండి, ఇంటికో పాత స్ప్లెండరో ప్యాషనో ప్లాటినానో ఉంటది. పొద్దున్నే చెరువుకి మేత బస్తా మోసేది అదే, మధ్యాహ్నం పిల్లల్ని బడి నుంచి తెచ్చేది అదే, కొబ్బరి దింపు రోజున రెండు గోతాల కాయలు వెనకాల కట్టుకుని ఏటిగట్టు ఎక్కేది కూడా అదే. అలాంటి బండి లీటరుకి పది కిలోమీటర్లు తగ్గిపోయిందంటే నెల తిరిగేసరికి జేబుకి తెలిసిపోద్ది. అప్పుడు మనం ఏం చేస్తాం, షెడ్డుకి పట్టుకెళ్ళి "కొంచెం మైలేజీ సెట్ చెయ్యి బాబూ" అంటాం, అతను స్క్రూడ్రైవర్ తీసుకుని కార్బొరేటర్ మీద ఓ స్క్రూ బిగిస్తాడు, ఐపోయింది అంటాడు. నా బండికీ అలాగే చేయించాను. స్క్రూ బిగించి, లోపల పెట్రోల్ ఎంత వెళ్ళాలో చూసే సూది కూడా ఒక గాటు కిందకి దింపారు. మొదటి రెండు వారాలు నిజంగానే మైలేజీ పెరిగింది, నాకు భలే సంతోషం. తర్వాత బస్తా వేసుకుని చించినాడ బ్రిడ్జి ఎక్కుతుంటే పికప్ చచ్చిపోయేది, సైలెన్సర్‌లో టప్ టప్ మని కొట్టేది, ఇంజిన్ దగ్గర కాలు పెట్టలేనంత సెగ. చివరికి ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోయి హెడ్ విప్పాల్సొచ్చింది. పెట్రోల్‌లో మిగిలిందంతా ఆ ఒక్క బిల్లుకే పోయింది, ఇంకా చేతిలోవి పడ్డాయి.

అప్పట్నుంచి నా బండి నేనే చూసుకుంటున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, ఇంజిన్‌కి తిండి తగ్గించి మైలేజీ తేలేం. వేసిన పెట్రోల్ వృథా కాకుండా చూసుకుంటే మైలేజీ దానంతటదే వస్తది, స్క్రూ అనేది ఆ పనుల్లో ఆఖరిది. అందుకే కింద చెప్పే వరస మార్చకండి.

ముందు మీ బండికి కార్బొరేటర్, అంటే గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పంపేది, ఉందో లేదో చూసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అనే పొగ రూలు వచ్చింది కదా, ఆ తర్వాత వచ్చిన బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, వాటిల్లో గాలీ పెట్రోలూ పాళ్ళు మార్చే మిక్స్చర్ స్క్రూ ఉండదు, కంప్యూటరే చూసుకుంటది. అంతకు ముందు కొన్న మామూలు బండి ఐతే దాదాపు కార్బొరేటరే.

మొదటి పని: ఇప్పుడు ఎంత ఇస్తోందో కొలవండి

"సుమారు యాభై ఇస్తోందండి" అంటే కుదరదు, లెక్క ఉండాలి. బంక్‌లో బండి సెంటర్ స్టాండ్ వేసి ట్యాంక్ ఫుల్ చేయించండి, పెట్రోల్ ట్యాంక్ మూతి లోపల ఏ గుర్తు దాకా వచ్చిందో చూసి పెట్టుకోండి, మీటర్ రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. వంద కిలోమీటర్లకి తగ్గకుండా తిరిగి, అదే బంక్‌లో అదే పంపు దగ్గర మళ్ళీ అదే గుర్తు దాకా పోయించండి. ఉదాహరణకి 126 కిలోమీటర్లు తిరిగాక 2.1 లీటర్లు పట్టిందనుకోండి, 126ని 2.1తో భాగిస్తే 60, అదీ మీ మైలేజీ. రిజర్వ్‌లో పడిన దగ్గర్నుంచి లీటరు పోయించి చూసే పద్ధతి చాలామంది చేస్తారు గానీ దాంట్లో తేడా బాగా వస్తది.

ఇంకోటి, వెళ్ళి వచ్చే దారే లెక్కలోకి తీసుకోండి. అమలాపురం నుంచి ఎదుర్లంక బ్రిడ్జి మీదుగా కాకినాడ వెళ్ళొస్తే వంద దాటిపోద్ది, ఆ దారిలో గౌతమి మీదకి ఎక్కగానే గాలి ఎలా తోస్తదో మీకు తెలుసు, ఒకవైపు ఎదురుగాలి ఐతే తిరిగొచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తది, రెండూ కలిస్తేనే లెక్క సరిపోద్ది. ఒకవైపే చూసుకుని మైలేజీ పడిపోయిందని కంగారు పడొద్దు.

రెండో పని: కార్బొరేటర్‌తో సంబంధం లేనివి

నా అనుభవంలో సగం బండ్లకి రోగం ఇక్కడే ఉంటది. సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పండి, హాయిగా నాలుగైదు చుట్లు తిరగాలి, ర్ర్ ర్ర్ మని ఆగిపోతుంటే బ్రేక్ పట్టేసి ఉన్నట్టే. గట్టు మీద బురదలో తిరిగే బండికి డ్రమ్ములో మట్టి చేరిపోద్ది, విప్పి గుడ్డతో తుడిస్తే చాలు. ముందు చక్రం కూడా చూడండి. చైన్ మరీ బిగువుగా ఉన్నా, ఎండిపోయి తుప్పు పట్టినా మైలేజీ తినేస్తది. మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఉప్పు గాలికీ, రొయ్యల చెరువుల పక్కన తిరిగే బండ్లకీ చైన్ వారానికే ఎర్రబడిపోతుంది, పాత ఇంజిన్ ఆయిల్ పూసేసి వదిలేయకుండా కిరోసిన్‌తో కడిగి, ఆరాక గేర్ ఆయిల్ వేయండి.

టైర్లలో గాలి మాత్రం అస్సలు అశ్రద్ధ చేయకండి. స్ప్లెండర్‌కి ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కరే ఐతే 28, ఇద్దరు ఎక్కితే 41 అని కంపెనీయే రాసింది, మనవాళ్ళు ఎప్పుడో పంక్చర్ వేయించినప్పుడు కొట్టించిన గాలితోనే ఏడాది తిరుగుతారు. క్లచ్ లివర్‌కి కొంచెం వదులు ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే క్లచ్ జారి ఇంజిన్ రేజ్ అవుద్ది గానీ బండి కదలదు.

మూడో పని: ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు

ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కి గాలి అందదు, గాలి తగ్గితే పెట్రోల్ పాలు పెరిగిపోద్ది, మైలేజీ పడిపోద్ది. కోతల సీజన్లో, సార్వా ఐనా దాళ్వా ఐనా, కోత మిషన్ తిరిగే పొలం పక్కనించి రోజూ వెళ్ళే బండి ఫిల్టర్ ఓసారి విప్పి చూడండి, ధాన్యం దూగరతో నిండిపోయి ఉంటది. ఇక్కడ ఒక తేడా ఉంది, స్పాంజి ఫిల్టర్ ఐతే కిరోసిన్‌లో పిండి ఆరబెట్టి, ఇంజిన్ ఆయిల్‌లో ముంచి గట్టిగా పిండేసి మళ్ళీ పెట్టుకోవచ్చు. జిగురుగా ఉండే పేపర్ ఫిల్టర్ ఐతే కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే. ఫిల్టర్ తీసేసి ఖాళీగా తిప్పితే పికప్ వస్తదని ఎవరైనా చెప్తే వినకండి, ఆ దూగరంతా సిలిండర్‌లోకి వెళ్ళి రింగులు అరిగిపోతాయి.

ప్లగ్గు ఇంజిన్ చల్లారాకే విప్పండి, వేడి మీద విప్పితే మరలు పోతాయి. దాని చివర రంగు చూడండి. నేను మా ఊరి పిల్లలకి ఎలా చెప్తానంటే, ఎండిన కొబ్బరి పీచు రంగులో ఉంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లటి పొడి మసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువ తాగుతున్నట్టు. నల్లగానే ఉండి నూనె జిడ్డుగా ఉంటే అది పెట్రోల్ గొడవ కాదు, ఆయిల్ పైకి వస్తోంది, పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీళ్ళు గానీ చూపించుకోవాలి, ఎంత ట్యూనింగ్ చేసినా పోదు. సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే పెట్రోల్ చాలక ఇంజిన్ కాగిపోతోంది, నా బండి వాల్వ్ పోయినప్పుడు ప్లగ్గు సరిగ్గా ఇలాగే ఉంది. ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కి పీచు రంగు కన్నా కొంచెం లేతగా ఉన్నా పర్లేదు. చూసే ముందు బండి ఒక పది కిలోమీటర్లు మామూలుగా తిరిగి ఉండాలి, చౌక్ వేసి స్టార్ట్ చేసి వెంటనే విప్పితే ఏ ప్లగ్గైనా నల్లగానే కనపడుద్ది.

చౌక్ అన్నాను కాబట్టి, ధనుర్మాసం మంచులో చౌక్ వేసి స్టార్ట్ చేసి మళ్ళీ దించడం మర్చిపోయే వాళ్ళు ఉన్నారు, కొన్ని బండ్లకి లివర్ పట్టేసి పూర్తిగా దిగదు కూడా. అది ఒకసారి చేత్తో కదిపి చూడండి.

నాలుగో పని: కార్బొరేటర్ అడుగున ఏముందో చూడటం

ఇది అందరూ చేసి తీరాల్సిన పని, ముఖ్యంగా మన డెల్టాలో. ఇంజిన్ బాగా చల్లారాక, ఆరుబయట, చుట్టుపక్కల బీడీ గానీ దీపం గానీ పొయ్యి గానీ లేకుండా చూసుకుని మొదలెట్టండి. పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. కార్బొరేటర్ అడుగున గిన్నె లాంటిది ఉంటది, దానికి కింద ఒక డ్రెయిన్ స్క్రూ, దాని కింద సన్న పైపు. ఒక గాజు సీసా ఆ పైపు కింద పెట్టి స్క్రూ నెమ్మదిగా వదులు చెయ్యండి. వచ్చిన పెట్రోల్‌ని ఎండ వెలుగులోకి ఎత్తి, ఓ నిమిషం కదపకుండా పట్టుకుని చూడండి.

మొన్న వానాకాలంలో మా బాబాయి బండికి ఇలా తీస్తే సీసా అడుగున తామరాకు మీద నీటిబొట్టులా ఓ బుడగ అటూ ఇటూ దొర్లుతోంది, పక్కన ఎర్రమట్టి లాంటి తుప్పు పొడి. ఆయన మూడు నెలలుగా మైలేజీ రావట్లేదు, మిస్ కొడుతోంది అని తిరుగుతున్నాడు, రెండుసార్లు స్క్రూ తిప్పించుకున్నాడు. అసలు సంగతి ఆ సీసాలో ఉంది.

ఎందుకలా అంటే, పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, 2025 నాటికి అది 20 శాతానికి వచ్చింది. ఇథనాల్ నీటిని లాక్కుంటది. మనది అసలే తేమ నేల, నాలుగు పక్కలా కాలవలు, చెరువులు, దానికి తోడు వానలో తడిసిన ట్యాంక్ మూత. పెట్రోల్ కొంత నీటిని కలుపుకుని మామూలుగానే ఉంటది, హద్దు దాటిందంటే నీళ్ళూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి దిగిపోతాయి, ఇంజిన్‌కి ముందు అందేది ఆ అడుగుదే. అందుకే వానాకాలంలో ట్యాంక్ సగం ఖాళీగా నెలలు నిలబెట్టకండి, మూత రబ్బరు పగిలిపోతే మార్పించండి, బండి పది పదిహేను రోజులు వాడకపోతే డ్రెయిన్ చేసేయండి.

ఇథనాల్ గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. లీటరుకి లీటరు లెక్కేస్తే ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు దాకా తక్కువ. అంటే ఐదో వంతు ఇథనాల్ ఉన్న పెట్రోల్‌తో పాత రోజుల మైలేజీ అచ్చంగా రాదు, లెక్క ప్రకారం నూటికి ఆరేడు పాళ్ళు తగ్గొచ్చు. పైగా ఇథనాల్ మండటానికి గాలి తక్కువ చాలు, కాబట్టి పాత పెట్రోల్‌కి పెట్టిన జెట్లతో (పెట్రోల్ వెళ్ళే సన్న చిల్లుల ఇత్తడి ముక్కలు) ఇప్పుడు బండి ముందు కన్నా కొంచెం ఆకలి మీదే నడుస్తున్నట్టు లెక్క. అలాంటప్పుడు మైలేజీ కోసమని ఇంకా పెట్రోల్ తగ్గిస్తే ఏమవుద్దో మీరే ఆలోచించండి. పదేళ్ళ కిందట పనికొచ్చిన "అర రౌండు బిగించు" చిట్కా ఇప్పుడు పనికిరాదు.

నీళ్ళో తుప్పో కనపడితే గిన్నె విప్పి కడగాలి. ఉప్పు గాలికి ఆ నాలుగు స్క్రూలు పట్టేసి ఉంటాయి, తుప్పు వదిలే స్ప్రే కొట్టి పావుగంట ఆగి, సైజుకి సరిపోయే స్టార్ స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి, తలలు అరిగాయంటే తర్వాత నరకం. లోపల చిన్న జెట్టు, పెద్ద జెట్టు ఉంటాయి. చిన్న జెట్టు చిల్లు వెంట్రుక దూరేంత సన్నం. దాన్ని పిన్నీసుతో, కేబుల్ తీగతో పొడవకండి, ఇత్తడి మెత్తటిది, చిల్లు వెడల్పైపోయి ఇక ఎప్పటికీ పెట్రోల్ ఎక్కువే తాగుద్ది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి, పంక్చర్ షాపులో గాలి పట్టించండి, స్ప్రే కళ్ళలో పడకుండా చూసుకోండి. అప్పటికీ పోకపోతే చేపల గాలానికి వాడే బాగా సన్న నైలాన్ దారం దూర్చి చూడొచ్చు, అది జెట్టుని గీరదు. జెట్టు కన్ను దగ్గర పెట్టుకుని ఆకాశం వైపు చూస్తే గుండ్రంగా వెలుగు కనపడాలి. గిన్నె రబ్బరు ఉబ్బిపోతే కొత్తది వేయండి.

బండి రాత్రి నిలబెడితే పొద్దున్నకి కింద పెట్రోల్ చుక్కలో, వాసనో ఉంటే గిన్నెలోకి పెట్రోల్ ఆపే ఫ్లోట్ సూది (ఇందాక చెప్పిన సూది కాదు, ఇది వేరు) సరిగా మూసుకోవట్లేదు. ఆ కిట్టు మార్చుకోవాలి, అది పెద్ద ఖర్చు కాదు.

ఐదో పని: ఇప్పుడు స్క్రూ

ఇంజిన్ వేడిగా ఉండాలి, పది నిమిషాలు తిప్పుకు రండి. చౌక్ దింపేసి ఉండాలి, ఫిల్టర్ బిగించే ఉండాలి. మూసిన షెడ్డులో చేయకండి, పొగ ప్రమాదం.

కార్బొరేటర్ మీద రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి రేజింగ్ స్క్రూ, అది బిగిస్తే ఐడిల్, అంటే ఎక్స్‌లేటర్ తిప్పకుండా ఇంజిన్ ఆడే వేగం, పెరుగుద్ది, వదిలితే తగ్గుద్ది, అంతే. రెండోది మిక్స్చర్‌ది, మన మెకానిక్‌లు ఏ బండికైనా దాన్ని ఎయిర్ స్క్రూ అనే అంటారు, తికమకంతా ఇక్కడే. ఆ స్క్రూ కార్బొరేటర్‌కి ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిది, బిగిస్తే గాలి తగ్గి పెట్రోల్ పాలు పెరుగుద్ది. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోల్‌ది, బిగిస్తే పెట్రోల్ తగ్గుద్ది. రెండూ అచ్చం ఎదురెదురు. "బిగిస్తే మైలేజీ" అని అన్ని బండ్లకీ ఒకటే మంత్రం వేసేవాళ్ళు ఇది చూడరు.

ఇంజిన్ ఆపేసి మిక్స్చర్ స్క్రూని నెమ్మదిగా లోపలికి బిగిస్తూ ఎన్ని రౌండ్లు తిరిగిందో లెక్కపెట్టండి, అడుగు తగిలిందని వేళ్ళకి తెలియగానే ఆపేయండి, బలం చూపిస్తే దాని మొన దెబ్బతింటది. ఆ లెక్క కాయితం మీద రాసుకోండి, ఏదైనా తేడా వస్తే మళ్ళీ అక్కడికే తేవాలి కదా. ఇప్పుడు ఒకటిన్నర రౌండు వెనక్కి తిప్పి స్టార్ట్ చెయ్యండి. రేజింగ్ స్క్రూతో ఐడిల్ మామూలు కన్నా కొంచెం పెంచి పెట్టండి.

ఇక్కణ్ణించి చెవితో పని. మిక్స్చర్ స్క్రూ పావు రౌండు బయటికి తిప్పండి, పది సెకన్లు ఆగి వినండి. శబ్దం పెరిగి సాఫీ అవుతోందా, ఐతే ఇంకో పావు. ఒకచోట ఇక పెరగదు, దాటితే తడబడుద్ది. మళ్ళీ వెనక్కి, లోపలికి తిప్పుకుంటూ అటువైపు ఎక్కడ తడబడుతోందో చూడండి. ఈ రెంటికీ మధ్య ఇంజిన్ బాగా వేగంగా, కుట్టు మిషన్‌లా ఒకే లయలో ఆడే చోటు ఒకటి దొరుకుద్ది, అదే మీకు కావాల్సింది. తొందరపడకండి, నాకు మొదటిసారి అరగంట పట్టింది. దొరికాక రేజింగ్ స్క్రూ తగ్గించి ఐడిల్‌ని మామూలుకి తెండి, స్ప్లెండర్ లాంటి బండ్లకి 1400 ఆర్‌పీఎం దగ్గర ఉంటది, మీటర్ లేకపోతే బండి ఆగకుండా, హెడ్‌లైట్ వణక్కుండా ఉండే కనీస వేగం అనుకోండి. ఐడిల్ తగ్గించాక ఇంకోసారి మిక్స్చర్ అటూ ఇటూ కదిపి చూసుకుని, చివరిగా రౌండులో ఎనిమిదో వంతు పెట్రోల్ పెరిగే వైపు తిప్పి వదిలేయండి. వేసవిలో బస్తాతో గట్టెక్కేటప్పుడు ఇంజిన్‌ని కాపాడేది ఆ కాస్తే.

ఇప్పుడు ఎక్స్‌లేటర్ ఒక్కసారి ఠక్కున తిప్పి వదలండి. వెంటనే అందుకుని, వదలగానే సాఫీగా ఐడిల్‌కి దిగితే బాగుంది. తిప్పగానే ఊపిరి ఆగినట్టు తడబడినా, వదిలాక శబ్దం పైనే వేలాడి ఆలస్యంగా దిగినా, దారిలో వదిలినప్పుడు సైలెన్సర్ టప్ టప్ మన్నా పెట్రోల్ చాలట్లేదు. వదలగానే మరీ కిందకి పడిపోయి మళ్ళీ లేస్తున్నా, నల్ల పొగ, పెట్రోల్ వాసన ఉన్నా ఎక్కువైంది. సైలెన్సర్ జాయింట్ దగ్గర గాలి లీకున్నా టప్ టప్ మంటది, అది కూడా చూడండి.

ఈ స్క్రూ పనంతా ఐడిల్ నుంచి ఎక్స్‌లేటర్ పావు వంతు తిప్పే దాకానే. మన కాలవ గట్ల మీద 35, 40లో వెళ్ళేవాళ్ళకి దాదాపు ప్రయాణమంతా ఇందులోనే జరుగుద్ది కాబట్టి తేడా బాగా తెలుస్తది. ఆ పైన ముప్పావు దాకా చూసేది సూది, పూర్తిగా తిప్పినప్పుడు పెద్ద జెట్టు. సూది మీద గాట్లలో ఒక క్లిప్పు ఉంటది, క్లిప్పు పై గాటుకి మారిస్తే సూది కిందకి దిగి పెట్రోల్ తగ్గుద్ది. నా మాట వింటే దాన్ని కంపెనీ పెట్టిన గాటులోనే ఉంచండి. ఇదివరకు ఎవరైనా మార్చారని అనుమానం ఉంటే మళ్ళీ కంపెనీ గాటుకి తెప్పించండి.

మళ్ళీ కొలత

రెండు ట్యాంకులు తిప్పి మొదటి పద్ధతిలోనే కొలవండి, ప్లగ్గు కూడా విప్పి చూడండి. మైలేజీ పెరిగి, ప్లగ్గు పీచు రంగులో ఉంటే ఇక ముట్టుకోకండి. మైలేజీ పెరిగింది గానీ ప్లగ్గు తెల్లబడితే పెట్రోల్ పెరిగే వైపు ఇంకొంచెం తిప్పండి, ఆ రెండు మూడు కిలోమీటర్లు వదిలేసుకోండి. ఏమీ పెరగకపోతే స్క్రూతో ఇక కుస్తీ పట్టొద్దు, వాల్వ్ క్లియరెన్సూ కంప్రెషనూ చూపించుకోండి, బాగా తిరిగిన బండికి అక్కడే పోతుంటది.

అన్నీ కుదిరాక సైడ్ కవర్ లోపలివైపు మార్కర్ పెన్నుతో తేదీ, మీటర్ రీడింగ్, స్క్రూ ఎన్ని రౌండ్లు బయటికి ఉందో, ఏ వైపు తిప్పితే పెట్రోల్ పెరుగుద్దో రాసి పెట్టండి. తర్వాత ఏ షెడ్డులో ఎవరు విప్పినా మీ ఎదురుగానే మళ్ళీ అక్కడికే పెట్టించుకోవచ్చు.